ఆన్‌లైన్ బాలల చిత్రకళా కార్యశాల

ఒక ప్రసిద్ధ చిత్రకారుని కృతులను ఆధారంగా తీసుకొని, అంతర్జాలం ద్వారా పిల్లలచేత బొమ్మలు వేయించే బోధనా కార్యక్రమాన్ని ఆన్‌లైన్ బాలల చిత్రకళా కార్యశాల అంటారు. వాడుకలో దీనిని ఆర్ట్ వర్క్‌షాప్ అని పిలుస్తారు. సాధారణంగా ఒక్కొక్క తరగతికి ఒక్క చిత్రకారుని ఎన్నుకొంటారు. ఉపాధ్యాయుడు ఆ చిత్రకారుని జీవితం గురించి నాలుగు మాటలు చెప్పి, ఒకటి రెండు చిత్రాలను తెరమీద చూపుతాడు. ఆ తరువాత పిల్లలు తమ ఇళ్ళలోనే కూర్చొని, అందుబాటులో ఉన్న సామగ్రితో బొమ్మలు తయారుచేస్తారు.

ఈ కార్యశాలలు ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది ఉపాధ్యాయుడు, పిల్లలు ఒకే సమయంలో వీడియో ద్వారా కలుసుకొనే ప్రత్యక్ష తరగతి. రెండవది ముందుగానే చిత్రీకరించి ఉంచిన పాఠము. దీనిని పిల్లలు తమకు వీలైనపుడు చూడవచ్చును, మధ్యలో ఆపి మళ్ళీ మొదలుపెట్టవచ్చును.

వీటి గురించి తరచు ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఉన్నది. పిల్లవాడు నేర్చుకొనవలసినది ఆ చిత్రకారుడు వేసిన బొమ్మనా, లేక ఆ బొమ్మ వేయడానికి అతడు కనుగొన్న పద్ధతినా? ఒక కార్యశాల మంచిదా కాదా అన్నది చాలావరకు ఈ ప్రశ్నకు అది ఇచ్చే సమాధానం మీదనే ఆధారపడి ఉంటుంది.

చరిత్ర

బాలల చిత్రకళకు గుర్తింపు

19వ శతాబ్దంలో ఐరోపా పాఠశాలలలో చిత్రలేఖనమంటే నమూనా గీతలను, రేఖాగణిత రూపాలను చూసి యథాతథంగా దించడమే. ఆస్ట్రియాకు చెందిన ఫ్రాంజ్ చిజెక్ (1865–1946) ఈ పద్ధతిని వదిలిపెట్టి, 1897లో వియన్నా నగరంలో పిల్లలకోసం ప్రత్యేకంగా చిత్రకళా తరగతిని ప్రారంభించాడు. పిల్లల బొమ్మలు పెద్దల బొమ్మలకు అసంపూర్ణమైన నకళ్ళు కావని, వాటికి తమవైన నియమాలు ఉన్నవని ఆయన అభిప్రాయము. ఆయన విద్యార్థుల చిత్రాలను 1920వ దశకంలో ఇంగ్లాండులో ప్రదర్శించినపుడు ఈ భావన అక్కడ ప్రచారంలోకి వచ్చింది.

ఇంగ్లాండులోని డడ్లీ పట్టణంలో బాలికల పాఠశాల ఉపాధ్యాయిని మేరియన్ రిచర్డ్‌సన్ (1892–1946) మరొక పద్ధతిని అనుసరించింది. ఆమె విద్యార్థినులను కళ్ళు మూసుకొనమని చెప్పి, ఒక దృశ్యాన్ని మాటలతో వర్ణించేది. వారు మనసులో కనిపించినదానిని కాగితం మీద పెట్టేవారు. విమర్శకుడు రోజర్ ఫ్రై 1917లో ఈ చిత్రాలను లండనులో ప్రదర్శించాడు. ముందు నమూనా ఏదీ లేకుండా కేవలం మాటల ద్వారా బొమ్మ వేయించడమనే ఈ పద్ధతి, తెర ఎదుట కూర్చొనే నేటి తరగతులకు కూడా ఎంతో ఉపయోగపడుతున్నది.

టెలివిజన్ ప్రసారాలు

దూరంగా ఉన్న పిల్లలకు బొమ్మలు నేర్పే ప్రయత్నం అంతర్జాలం కంటే ముందే టెలివిజన్‌లో జరిగింది. అమెరికాలో జాన్ న్యాగీ 1946లో ఒక చిత్రలేఖన కార్యక్రమాన్ని మొదలుపెట్టాడు. బంతి, శంకువు, ఘనము, స్తూపము అనే నాలుగు రూపాలతో ఏ వస్తువునైనా గీయవచ్చునని చెబుతూ, ఒక్కొక్క గీతను వరుసగా చూపించేవాడు. ప్రేక్షకులు తమ ఇళ్ళలో అదే బొమ్మను గీసేవారు.

న్యూయార్క్ లోని ఆధునిక కళా మ్యూజియమ్ విద్యావిభాగానికి చాలాకాలం అధిపతిగా ఉన్న విక్టర్ డామికో దీనికి భిన్నమైన దారి పట్టాడు. రంగులు నింపే పుస్తకాలను, పిల్లల చిత్రలేఖన పోటీలను ఆయన వ్యతిరేకించాడు. 1942లో మ్యూజియమ్‌లో పిల్లల కళా ఉత్సవాన్ని ప్రారంభించాడు. 1952–53లలో 'త్రూ ది ఎన్‌చాంటెడ్ గేట్' అనే టెలివిజన్ కార్యక్రమాన్ని నడిపాడు. ఇందులో పిల్లలు రంగులు, కాగితాలు, వివిధ వస్తువులతో తమకు తోచినట్లు పనిచేస్తుండగా చూపించేవారు. ఇంటివద్ద చూస్తున్న పిల్లలు కూడా దొరికిన వస్తువులతో తమ సొంత కృతులను తయారుచేయవలెనన్నది దీని ఉద్దేశము. ఆ మ్యూజియమ్‌కు అనుబంధంగా ఉన్న కళావిద్యా సంఘము న్యాగీ పద్ధతిని బహిరంగంగా విమర్శించింది. నేటి ఆన్‌లైన్ తరగతులలో కనిపించే రెండు ధోరణులు, అనగా వరుసగా గీతలు చూపి గీయించడము, వస్తువులిచ్చి స్వేచ్ఛగా చేయించడము, ఆనాడే స్పష్టంగా ఏర్పడినవి.

ప్రసిద్ధ చిత్రాలు తరగతిలోకి

విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో ప్రచురించిన 'క్రియేటివ్ అండ్ మెంటల్ గ్రోత్' అనే గ్రంథం పిల్లల స్వేచ్ఛా వ్యక్తీకరణకు ప్రాధాన్యమిచ్చింది. ఆ ధోరణి ప్రబలంగా ఉన్నకాలంలో పెద్ద చిత్రకారుల కృతులను చిన్నపిల్లలకు చూపడానికి చాలామంది ఉపాధ్యాయులు వెనుకాడేవారు. 1982లో అమెరికాలో గెట్టీ సంస్థ కళావిద్య కోసం ఒక కేంద్రాన్ని స్థాపించింది. బొమ్మలు వేయడంతోపాటు కళాచరిత్ర, కళావిమర్శ, సౌందర్యశాస్త్రాలను కూడా పాఠశాలలో బోధించవలెనని ఈ కేంద్రము ప్రచారం చేసింది. దీనితో ప్రసిద్ధ చిత్రాలు తరగతి గదిలోకి ప్రవేశించినవి. లండనులోని నేషనల్ గ్యాలరీ 1995లో 'టేక్ వన్ పిక్చర్' అనే పథకాన్ని ప్రారంభించింది. ఇందులో గ్యాలరీలోని ఒక్క చిత్రాన్ని ఎంచుకొని, దాని ఆధారంగా అనేక పాఠశాలల పిల్లలు తమ తమ కృతులను రూపొందిస్తారు.

భారతదేశంలో

శాంతినికేతన్‌లో 1919లో ఏర్పడిన కళాభవన్‌లో నందలాల్ బోస్ ప్రకృతి పరిశీలనకు, జానపద కళలకు పెద్దపీట వేశాడు. అక్కడ చదివిన దేవీ ప్రసాద్ (1921–2011) సేవాగ్రామ్‌లో పిల్లలకు చిత్రకళ నేర్పి, ఆ అనుభవాలను గ్రంథస్థం చేశాడు. వ్యంగ్యచిత్రకారుడు శంకర్ 1949లో బాలల చిత్రలేఖన పోటీని ప్రారంభించాడు. తరువాత అది అంతర్జాతీయ పోటీగా పెరిగింది.

అంతర్జాలంలో విస్తరణ

ఈ కార్యశాలలు పెరగడానికి మొదటి కారణం మ్యూజియమ్‌ల చిత్రాలు అంతర్జాలంలో ఉచితంగా లభించడము. 2011 ఫిబ్రవరిలో గూగుల్ ఆర్ట్ ప్రాజెక్టు 17 మ్యూజియమ్‌లతో మొదలైనది. 2012లో ఆమ్‌స్టర్‌డామ్ లోని రైక్స్‌మ్యూజియమ్ తన సేకరణలోని 1,25,000 చిత్రాలను ఎవరైనా దించుకొని వాడుకొనేందుకు వీలుగా ఉంచింది. 2017లో న్యూయార్క్ లోని మెట్రోపాలిటన్ మ్యూజియమ్ కూడా ఇదేవిధంగా 3,75,000 చిత్రాలను విడుదల చేసింది. పూర్వం పుస్తకాలలోని చిన్న అచ్చుబొమ్మలమీద ఆధారపడిన ఉపాధ్యాయుడు, ఇప్పుడు ఒక చిత్రంలోని కుంచె గీతలను సైతం పెద్దవిచేసి పిల్లలకు చూపగలుగుతున్నాడు.

రెండవ కారణం 2020లో వచ్చిన కోవిడ్-19 మహమ్మారి. పాఠశాలలు మూతపడిన ఆ సంవత్సరం మార్చిలో అమెరికా రచయిత, చిత్రకారుడు మో విలెమ్స్ కెన్నెడీ సెంటర్ తరఫున పిల్లలకు 15 భాగాల చిత్రలేఖన కార్యక్రమాన్ని అందించాడు. అదే నెలలో బ్రిటిష్ చిత్రకారుడు రాబ్ బిడల్ఫ్ 'డ్రా విత్ రాబ్' పేరుతో పాఠాలు మొదలుపెట్టాడు. 2020 మే 21న ఆయన నిర్వహించిన తరగతిలో 45,611 ఇళ్ళవారు పాల్గొన్నారు. ఇది అతిపెద్ద ఆన్‌లైన్ చిత్రకళా పాఠంగా గిన్నిస్ రికార్డులకు ఎక్కింది. అదే కాలంలో గెట్టీ మ్యూజియమ్ ఇంట్లో ఉన్న వస్తువులతో ప్రసిద్ధ చిత్రాలను తిరిగి సృష్టించమని ప్రజలను ఆహ్వానించింది. దుప్పట్లు, గిన్నెలు, కూరగాయలతో పిల్లలూ పెద్దలూ వేషాలు వేసుకొని ఫొటోలు పంపారు. భారతదేశంలో 2020 మార్చి 25 నుండి లాక్‌డౌన్ అమలైనపుడు ఇక్కడ కూడా చిత్రకళా తరగతులు అంతర్జాలానికి మారినవి. పాఠశాలలు తిరిగి తెరిచిన తరువాత కూడా వేసవి సెలవులలో, వారాంతాలలో ఇవి కొనసాగుతున్నవి.

తరగతి జరిగే విధానము

ఒక తరగతి సాధారణంగా 45 నుండి 60 నిమిషాలపాటు జరుగుతుంది. ఉదాహరణకు ఫ్రెంచి చిత్రకారుడు హెన్రీ మాటిస్ (1869–1954) మీద నిర్వహించే కార్యశాలను పరిశీలించవచ్చును.

మాటిస్‌కు 1941లో పెద్ద శస్త్రచికిత్స జరిగింది. ఆ తరువాత ఆయన ఎక్కువసేపు నిలబడలేక మంచానికి, చక్రాల కుర్చీకి పరిమితమైనాడు. సహాయకులు కాగితాలకు ముందుగానే రంగు పూసి ఇచ్చేవారు. ఆయన ఏ గీతా గీయకుండా నేరుగా కత్తెరతో ఆ రంగు కాగితాలను కత్తిరించి, వాటిని గోడమీద అమర్చి, నచ్చేవరకు స్థానాలు మార్పించేవాడు. 1947లో ప్రచురించిన 'జాజ్' అనే పుస్తకము, 1953లో తయారుచేసిన 'నత్త' అనే చిత్రము ఈ పద్ధతిలో వచ్చినవే.

ఈ కథ చెప్పిన తరువాత తరగతి క్రింది విధంగా సాగుతుంది.

1. చూడడము: 'నత్త' చిత్రాన్ని తెరమీద ఉంచి, పేరు చెప్పకుండా, ఏమి కనిపిస్తున్నదో పిల్లలను అడుగుతారు. అందులోని రంగు ముక్కలు నత్తగుల్ల వలె చుట్టు తిరిగి ఉన్నవని పిల్లలే కనుగొంటారు.
2. సిద్ధపరచడము: తెల్లకాగితాలకు లేదా పాత వార్తాపత్రికలకు పోస్టరు రంగులు పూసి ఆరబెడతారు. ఈ పని తరగతికి ముందురోజే చేసిపెట్టుకొనవచ్చును.
3. కత్తిరించడము: పెన్సిలు వాడకూడదన్నది ఇక్కడ ముఖ్యమైన నియమము. కత్తెర పోయిన దారిలోనే ఆకారం ఏర్పడుతుంది.
4. అమర్చడము: ముక్కలను వెంటనే అంటించకుండా చార్టుమీద మూడు నాలుగు రకాలుగా పేర్చి చూస్తారు. నచ్చిన అమరిక కుదిరిన తరువాతనే జిగురుతో గాని, మైదా బంకతో గాని అంటిస్తారు.
5. మాట్లాడడము: ఒక్కొక్కరు తమ బొమ్మను కెమెరాకు చూపి, ముక్కలను అలా ఎందుకు పెట్టారో చెబుతారు.

ఇందులో పిల్లలు నత్తనే చేయవలెనన్న నియమం లేదు. ఒకరు చేప, మరొకరు వర్షం చేయవచ్చును. మాటిస్ నుండి వారు తీసుకొనేది గీత గీయకుండా కత్తిరించడము, అంటించేముందు జరిపి చూడడము అనే రెండు అలవాట్లు.

తరచు ఎన్నుకొనే చిత్రకారులు

జార్జ్ స్యూరా (1859–1891): రంగులను కలపకుండా చిన్నచిన్న చుక్కలుగా ప్రక్కప్రక్కన పెడితే, దూరంనుండి చూసినపుడు అవి కంటిలోనే కలిసినట్లు కనిపిస్తాయి. పిల్లలు దూదిపుల్లలతో పసుపు, నీలం చుక్కలు పెట్టి, నాలుగడుగులు వెనక్కు వెళ్ళి ఆకుపచ్చ కనిపించునేమో చూస్తారు.

విన్సెంట్ వాన్ గోహ్ (1853–1890): 1889లో వేసిన 'నక్షత్రాల రాత్రి' ఎక్కువగా వాడే చిత్రము. కుంచె గీత వెళ్ళే దిశను బట్టి గాలి, నీరు, చెట్టు కదులుతున్నట్లు అనిపించడము ఇందులోని పాఠము.

వాసిలీ కాండిన్‌స్కీ (1866–1944): చతురస్రాలలో వలయాలున్న 1913 నాటి చిత్రం పిల్లల తరగతులలో బాగా కనిపిస్తుంది. నిజానికి అది ప్రక్కప్రక్కన ఉన్న రంగులు ఒకదానినొకటి ఎలా మారుస్తాయో తెలుసుకొనేందుకు కాండిన్‌స్కీ చేసుకొన్న చిన్న పరిశీలన. అందువలన ఒకే ఎరుపును ఒకచోట నలుపులోను, మరొకచోట పసుపులోను పెట్టి చూడమనడం, వలయాలను దించమనడం కంటే ఆ చిత్రానికి దగ్గరైన అభ్యాసము.

జుసెప్పె ఆర్చింబోల్దో (1527–1593): పండ్లు, కూరగాయలతో మనిషి ముఖాన్ని కూర్చిన ఇటలీ చిత్రకారుడు. వంటింటిలోని వంకాయ, బెండకాయ, టమాటాలతో ముఖాలు పేర్చి ఫొటో తీయడం చిన్నపిల్లలకు అనుకూలమైన పని.

జామినీ రాయ్ (1887–1972): బెంగాల్ లోని బంకురా జిల్లాకు చెందినవాడు. పాశ్చాత్య పద్ధతిలో శిక్షణ పొందినా, తరువాత జానపద పటచిత్రాల వైపు తిరిగి, మందమైన గీతలు, తక్కువ రంగులు, పెద్ద కళ్ళతో తనదైన శైలిని ఏర్పరచుకొన్నాడు. దీపపు మసి వంటి స్థానిక పదార్థాలతో రంగులు సిద్ధం చేసుకొనేవాడు.

యయోయ్ కుసామా (జననం 1929): ఈ జపాన్ కళాకారిణి 2002లో ఆస్ట్రేలియా లోని క్వీన్స్‌లాండ్ ఆర్ట్ గ్యాలరీలో పిల్లలకోసం పూర్తిగా తెల్లగా ఉన్న ఒక గదిని ఏర్పాటు చేసింది. వచ్చిన పిల్లలు రంగుచుక్కల స్టిక్కర్లను అంటించగా గది మెల్లగా చుక్కలలో మునిగిపోయింది. దీని ఆధారంగా ఇంట్లో ఒక అట్టపెట్టెను తెల్లగా చేసి చుక్కలు అంటిస్తారు.

వయసును బట్టి మార్పులు

లోవెన్‌ఫెల్డ్ విభజన ప్రకారం 2–4 ఏళ్ళ పిల్లలు పిచ్చిగీతల దశలో ఉంటారు. 4–7 ఏళ్ళవారు గుర్తుపట్టదగిన రూపాలు మొదలుపెడతారు. 7–9 ఏళ్ళకు ఇల్లు, చెట్టు, మనిషి వంటి వాటికి స్థిరమైన గుర్తులు ఏర్పడతాయి. 9 ఏళ్ళ తరువాత బొమ్మ నిజంగా ఉన్నట్లు రావలెనన్న కోరిక కలుగుతుంది. ఈ చివరి దశలోనే చాలామంది పిల్లలు తమకు బొమ్మలు రావని నిశ్చయించుకొని మానివేస్తారు. ఉన్నది ఉన్నట్లు వేయకుండానే గొప్ప చిత్రాలను సృష్టించిన క్లే, మాటిస్, జామినీ రాయ్ వంటివారిని పరిచయం చేయడము ఈ వయసువారికి ప్రత్యేకంగా ఉపకరిస్తుంది.

అనుకరణపై వివాదము

ఈ కార్యశాలలపై వచ్చే ప్రధాన విమర్శ, తరగతి ముగిసేసరికి అందరి బొమ్మలూ ఒకే విధంగా ఉంటాయన్నది. ఉపాధ్యాయుడు గీసినట్లే గీయమని చెప్పినపుడు, ఇరవైమంది పిల్లలు ఇరవై పొద్దుతిరుగుడు పూలకుండీలను తయారుచేస్తారు. ఉపాధ్యాయుని బొమ్మతో పోల్చుకొని తనది తప్పని భావించిన పిల్లవాడు కాగితాన్ని దాచుకొంటాడు. ఫలితం అందంగా కనిపించవలెనన్న కోరికతో తల్లిదండ్రులు ప్రక్కన కూర్చొని గీతలు సరిదిద్దడము కూడా ఆన్‌లైన్ తరగతులలో తరచు జరిగేదే.

మరొక వాదన ప్రకారం అనుకరణ స్వతహాగా హానికరం కాదు. అమెరికా కళావిద్యా పరిశోధకులు బ్రెంట్ విల్సన్, మార్జరీ విల్సన్ 1977లో ప్రచురించిన వ్యాసంలో, పిల్లలు తమ బొమ్మలకు కావలసిన రూపాలను చాలావరకు ఇతరుల బొమ్మలనుండే, ముఖ్యంగా కామిక్స్ వంటి వాటినుండి గ్రహిస్తారని చూపించారు. భారతీయ సంప్రదాయ కళలలో కూడా గురువు గీతను పదేపదే దిద్దడముతోనే శిక్షణ మొదలవుతుంది.

ఈ రెండు వాదనలూ ఒకచోట కలుస్తాయి. చూసి వేయడము ఒక అభ్యాసం కావచ్చును గాని, దానితోనే తరగతి ముగిసిపోకూడదు. నేర్చుకొన్న పద్ధతిని పిల్లవాడు తన పెరటి చెట్టుకో, తన వీధికో అన్వయించినపుడు మాత్రమే అది అతనిది అవుతుంది.

తెర వలన కలిగే పరిమితులు

తెరమీద అన్ని చిత్రాలూ ఒకే పరిమాణంలో కనిపిస్తాయి. 'మోనాలిసా' సుమారు 77 సెం.మీ. ఎత్తు మాత్రమే ఉన్నది. మాటిస్ 'నత్త' ఎత్తు, వెడల్పు రెండూ దాదాపు 2.87 మీటర్లు, అనగా ఇంటి గుమ్మం కంటే ఎత్తైనది. స్యూరా వేసిన 'లా గ్రాండ్ జాట్' ద్వీపంలోని ఆదివారపు దృశ్యము 3 మీటర్లకు పైగా వెడల్పు ఉన్నది. ఫోను తెరమీద ఇవన్నీ అరచేతిలో ఇమిడిపోతాయి. అందువలన కొందరు ఉపాధ్యాయులు తరగతి మొదట్లోనే టేపుతో గాని, పురికొసతో గాని గోడమీద అసలు కొలతను గుర్తుపెట్టమంటారు.

రంగుల విషయంలోనూ తేడా ఉన్నది. తెర వెలుతురుతో రంగును చూపుతుంది, కాగితంమీది రంగు తనపై పడిన వెలుతురును వెనక్కు పంపుతుంది. ఒకే చిత్రం రెండు ఫోనులలో రెండు విధాలుగా కనిపించవచ్చును. వాన్ గోహ్ చిత్రాలలో దట్టంగా పేరుకొన్న రంగు పొర తెరమీద చదునుగా కనిపిస్తుంది. రంగులో కొద్దిగా మైదా కలిపి దట్టంగా పూయించి, ఆ పొరను పిల్లలచేత తాకించడం దీనికి ఒక ఉపాయము.

ఉపాధ్యాయుడు పిల్లవాని చేతిని చూడలేకపోవడం మరొక ఇబ్బంది. కుంచె పట్టుకొనే తీరు, కాగితంమీద ఒత్తిడి అతనికి తెలియవు. కొత్త ఫోను, నిరంతర అంతర్జాల సౌకర్యం లేని ఇళ్ళలోని పిల్లలకు ప్రత్యక్ష తరగతులు అందడం కష్టము. అటువంటివారికి ముందుగా చిత్రీకరించిన చిన్న పాఠాలు కొంత మేలు.

తెలుగు ప్రాంతాలలో అవకాశాలు

ఈ కార్యశాలలకు ఐరోపా చిత్రకారులే ఆధారం కానక్కరలేదు. రాజమండ్రికి చెందిన దామెర్ల రామారావు (1897–1925) 27 ఏళ్ళకే మరణించినా, ఆంధ్ర చిత్రకళకు మార్గదర్శకుడైనాడు. ఆయన చిత్రాలు రాజమండ్రి లోని ఆయన పేరిట ఉన్న చిత్రకళా మందిరంలో ఉన్నవి. తెలంగాణ పల్లె స్త్రీలను నిండైన రంగులతో చిత్రించిన తోట వైకుంఠం (జననం 1942), సన్నని గీతలో తెలుగుదనాన్ని నిలిపిన బాపు (1933–2014) పిల్లలకు సులభంగా దగ్గరయ్యే చిత్రకారులు.

చేర్యాల నకాషీ చిత్రాలలో కథను వరుస గడులలో చెబుతారు. ఈ పద్ధతిలో పిల్లలు తమ ఇంటి కథనే పొడవైన కాగితం చుట్టమీద వేయవచ్చును. ఈ చిత్రాలకు వాడే బట్టను చింతగింజల జిగురు, తెల్లమట్టి మొదలైనవాటితో సిద్ధం చేస్తారు. చింతగింజలను నానబెట్టి, రుబ్బి, ఉడికించి జిగురు తయారుచేయడం పెద్దల సహాయంతో ఇంట్లోనే చేయదగిన పని. అంతర్జాలం వలన ఇటువంటి తరగతిలో విదేశాలలో పెరుగుతున్న తెలుగు పిల్లలు కూడా ఇక్కడి పిల్లలతో కలిసి కూర్చొనే వీలున్నది.

కాపీహక్కులు, పిల్లల భద్రత

భారత కాపీహక్కు చట్టము (1957) ప్రకారం చిత్రకారుడు మరణించిన తరువాతి సంవత్సరం నుండి 60 ఏళ్ళపాటు అతని కృతులపై హక్కులు ఉంటాయి. ఆ లెక్కన భారతదేశంలో వాన్ గోహ్, దామెర్ల రామారావు, మాటిస్ కృతుల గడువు ముగిసినది. 1973లో మరణించిన పికాసో కృతులపై హక్కులు 2033 చివరివరకు ఉంటాయి. ఇతర దేశాలలో ఈ గడువు వేరుగా ఉండవచ్చును. ఒక శైలిపైన, ఒక పద్ధతిపైన మాత్రం ఎవరికీ కాపీహక్కు ఉండదు. ఈ విధంగా చూసినా బొమ్మను దించడం కంటే పద్ధతిని నేర్పడమే సులువైన దారి.

తరగతిని రికార్డు చేసినపుడు పిల్లల ముఖాలు, పేర్లు, ఇళ్ళు అందులో నమోదవుతాయి. 2023లో భారతదేశం చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 18 ఏళ్ళలోపువారి సమాచారాన్ని వాడడానికి తల్లిదండ్రుల లేదా సంరక్షకుల అనుమతి కావలెనని చెబుతున్నది. కెమెరాను పిల్లవాని ముఖం వైపు కాకుండా, కాగితం వైపు తిప్పి ఉంచడము భద్రతకే కాక బోధనకు కూడా మేలు చేస్తుంది.

కార్యశాలను ఎన్నుకొనడము

తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు ఒక కార్యశాలను ఎన్నుకొనేముందు క్రింది విషయాలు గమనించవచ్చును.

* గతంలో పిల్లలు చేసిన బొమ్మలు ఒకదానితో ఒకటి పోలిక లేకుండా ఉన్నవా?
* చిత్రకారుడు ఆ పద్ధతిని ఎందుకు ఎన్నుకొన్నాడో పిల్లలకు చెబుతున్నారా?
* సామగ్రి ఇంట్లో దొరికేదేనా, లేక ఖరీదైన పెట్టెను కొనవలసి ఉన్నదా?
* పిల్లలు తమ బొమ్మల గురించి మాట్లాడేందుకు తరగతిలో సమయం ఉన్నదా?
* తెరవైపు చూసే సమయం కంటే కాగితంమీద పనిచేసే సమయం ఎక్కువగా ఉన్నదా?

తరగతి ముగిసిన తరువాత పెద్దలు "అచ్చం అలాగే వచ్చింది" అని మెచ్చుకొనడం కంటే, "ఈ రంగు ఇక్కడ ఎందుకు పెట్టావు?" అని అడగడము ఎక్కువ ఉపయోగకరము. ఆ ప్రశ్నకు పిల్లవాడు చెప్పే సమాధానములోనే అతడు ఏమి నేర్చుకొన్నాడో తెలుస్తుంది.

ఇవి కూడా చూడండి

* చిత్రలేఖనము
* హెన్రీ మాటిస్
* జామినీ రాయ్
* దామెర్ల రామారావు
* చేర్యాల నకాషీ చిత్రకళ